అగ్నివీరా, జీడీ కానిస్టేబులా, ఆఫీసరా? పరుగు మొదలెట్టే ముందు ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

తెల్లవారుజామున నాలుగున్నరకే మా ఊరి కాలేజీ గ్రౌండ్‌లో పాతిక మంది దాకా పిల్లలు పరిగెడుతుంటారు. చీకట్లో మొహాలు కనపడవు. బూట్ల చప్పుడూ ఆయాసమూ వినపడతాయి, అంతే. గట్టు మీద స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునేది నేను. మద్రాస్ రెజిమెంట్‌లో పదిహేడేళ్లు చేసి హవల్దార్‌గా ఇంటికొచ్చాను. మా కంభం, గిద్దలూరు వైపు ఏ ఊరికెళ్లినా నాలాంటివాళ్లు కనపడతారు. పరుగయ్యాక చెమట తుడుచుకుంటూ పిల్లలు అడిగేది ఒక్కటే మాట: "మావయ్యా, అగ్నివీర్‌కి పెట్టమంటావా, జీడీకి పెట్టమంటావా?"

వెంటనే జవాబు చెప్పను. ఎదురు ప్రశ్నలు వేస్తాను. నీ వయసెంత? ఎత్తెంత? ఇంట్లో సంపాదించేది ఎవరు? పెళ్లికెదిగిన అక్కచెల్లెళ్లున్నారా? వడ్డీకి తెచ్చిన అప్పుందా? ఈ ఐదింటికీ నిజం చెప్తే సగం దారి దానంతటదే తేలిపోతుంది. యూనిఫాం రంగు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడ నాలుగు దారులు పక్కపక్కన పెట్టి చెప్తాను. సైన్యంలో అగ్నివీర్, అంటే నాలుగేళ్ల సిపాయి ఉద్యోగం; నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో అగ్నివీర్; ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పెట్టే జీడీ, అంటే జనరల్ డ్యూటీ, పరీక్షతో సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల కానిస్టేబుల్; ఆఫీసర్ ఉద్యోగం. నాకు బాగా తెలిసింది మొదటిది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను. జీతాల పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి. యుద్ధం వచ్చిన రోజున ఆ మనిషి ఎక్కడుంటాడు, అతని ఇల్లు ఏ ఆసరాతో నిలబడుతుంది అన్నది మాత్రం ఎవరూ పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పరు.

ముందు ఒప్పుకోవాల్సిన సంగతి

"ఏది సేఫ్ మావయ్యా?" అని తల్లిదండ్రులు అడిగిస్తారు. 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో అమరుడయ్యాడు. అతను అగ్నివీర్. నాలుగేళ్ల సిపాయి, ఇరవయ్యేళ్ల సిపాయి అన్న తేడా ఫిరంగి గుండుకి తెలియదు. అవే రోజుల్లో జమ్మూ సరిహద్దులో ఒక బీఎస్ఎఫ్ సబ్ ఇన్‌స్పెక్టర్, ఉధంపూర్‌లో ఒక ఎయిర్‌ఫోర్స్ సార్జెంట్ ప్రాణాలిచ్చారు. అంతకు ముందు 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో పోయిన 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ఆ పూట యుద్ధంలో లేరు, బస్సుల్లో ప్రయాణంలో ఉన్నారు. 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ అడవిలో మావోయిస్టుల దాడిలో ఒక్క పొద్దుటే 76 మంది పోయారు, వాళ్లలో 75 మంది సీఆర్‌పీఎఫ్‌వాళ్లే.

అందుకే ప్రమాదం తక్కువని చెప్పి ఏ దారినీ నేను ఎవరికీ చూపించను. ప్రమాదం అన్నిటిలోనూ ఉంది. తేడా ఉన్నది రెండు చోట్ల: రోజువారీ బతుకు ఎలా గడుస్తుందన్నది ఒకటి, జరగరానిది జరిగితే ఇంటికి వచ్చేది ఏమిటన్నది రెండోది. ఈ రెండూ ఒప్పుకున్నాకే ఫారం నింపండి.

సైన్యం: ఫీల్డ్ అంటే ఏమిటో

పటాలం బతుకు రెండు ముక్కలు. రెండు మూడేళ్లు ఫీల్డ్, రెండు మూడేళ్లు పీస్. పీస్ అంటే కంటోన్మెంట్: పొద్దున పీటీ, పరేడ్, సాయంత్రం ఆటలు, రాత్రి రోల్ కాల్, పండగొస్తే బడాఖానా, అంటే అందరూ కలిసి తినే విందు. పెళ్లయినవాళ్లకి వంతు వస్తే క్వార్టర్ ఇస్తారు. ఫీల్డ్ అంటే కశ్మీర్, అరుణాచల్, లద్దాఖ్ లాంటి చోట్లు. అక్కడికి కుటుంబం రాదు.

నియంత్రణ రేఖ మీద పోస్టులో రోజు స్టాండ్ టుతో మొదలవుతుంది. తెల్లారే ముందు, చీకటి పడే ముందు అందరూ బూట్లేసుకుని, రైఫిల్ పట్టుకుని ఎవరి చోట వాళ్లు నిలబడాలి. దాడి జరిగేది ఎక్కువగా ఆ వేళల్లోనే. రాత్రి కాపలా రెండేసి గంటలు. తిండి, నీళ్లు, కిరోసిన్ కంచరగాడిదల మీదో, మన వీపుల మీదో పైకి రావాలి. మంచు పడి దారి మూసుకుపోతే ఉన్నదాంతో సర్దుకోవాలి. కాల్పులు మొదలైతే మొదటి వారంలోనే చెవికి ఒక చదువు వస్తుంది: మన వైపు నుంచి పోయే గుండుకీ, అటు నుంచి వచ్చే గుండుకీ శబ్దంలో తేడా. నిద్రలో ఉన్నా ఆ రెండోది వినపడితే ఒళ్లు దానంతటదే నేలకి అతుక్కుంటుంది. ఇంటికొచ్చి ఇన్నేళ్లయినా దీపావళి రాత్రి నేను వరండాలో కూర్చోలేను.

సియాచిన్‌లో మూడు నెలలున్నాను. 1984 ఏప్రిల్ నుంచి మన సైన్యం ఆ హిమానీనదం మీద ఉంది. అక్కడ శత్రువు తూటా కంటే చలీ, పలచని గాలీ ఎక్కువ మందిని పొట్టనబెట్టుకున్నాయి. గుడారంలో రాత్రింబవళ్లు బుఖారీ అనే కిరోసిన్ పొయ్యి మండుతుంటుంది, ఉమ్మితే నల్లగా పడుతుంది. కోడిగుడ్డు రాయయిపోతుంది, నారింజని సుత్తితో కొట్టాలి. గ్లవ్ తీసి రైఫిల్ గొట్టం ముట్టుకుంటే చర్మం దానికే అంటుకుపోతుంది. ఆకలి చచ్చిపోతుంది. చపాతీ చూస్తే కడుపులో తిప్పుతుంది, అయినా మన ఎదుటే తినేదాకా సుబేదార్ సాబ్ కదలడు. పెట్రోలింగ్‌కి వెళ్తే అందరినీ ఒకే తాడుకి కడతారు, మంచు పగుళ్లలో ఒకడు జారితే మిగతావాళ్లు లాగాలి కాబట్టి. నా ముందు తాడుకి ఉన్నది కడప కుర్రాడు, వెనక తమిళ కుర్రాడు. మూడు నెలల్లో మాకు మేమే దిక్కు. ఆ తాడుని గుర్తు చేసుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. సైన్యం ఇచ్చేది ఏమిటని ఎవరైనా అడిగితే ముందు నేను చెప్పేది ఆ తాడు గురించే.

ఈ బతుకు మనసుకి పడుతుందా లేదా అన్నది ఒక్కసారి గట్టిగా ఆలోచించుకున్నాక, డబ్బు లెక్కకి రండి.

అగ్నివీర్ లెక్క

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. అప్పటి నుంచి సిపాయిగా చేరే దారి దాదాపుగా ఇదొక్కటే. నాలుగేళ్ల ఉద్యోగం. నెల జీతం మొదటి ఏడాది 30,000, తర్వాత 33,000, 36,500, నాలుగో ఏడాది 40,000. అందులో 30 శాతం సేవానిధి అనే పొదుపు నిధికి పోతుంది, కాబట్టి చేతికొచ్చేది మొదటి ఏడాది 21,000, చివరి ఏడాది 28,000. నాలుగేళ్లలో మనది 5.02 లక్షలు జమవుతుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో కలిపి దిగేటప్పుడు సుమారు 11.71 లక్షలు, పన్ను లేకుండా. తిండి, బస, బట్టలు వాళ్లవే. ఏడాదికి 30 రోజుల సెలవు. కరువు భత్యం ఉండదు, ఫీల్డ్‌లో ఉంటే రిస్క్ భత్యం వస్తుంది. ఆ నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు.

నాలుగేళ్లయ్యాక బ్యాచ్‌లో 25 శాతం మంది వరకు రెగ్యులర్‌గా తీసుకుంటారు, వాళ్లు ఇంకో పదిహేనేళ్లు చేస్తారు. మిగతావాళ్లు ఇంటికి. ఇంటికొచ్చినవాళ్లకి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. నలుగురిలో ఒకడినవుతానన్న నమ్మకం ఉండటం మంచిదే. ఇంటి లెక్క మాత్రం మిగతా ముగ్గురిలో ఉంటానని వేసుకోండి.

డ్యూటీ కారణంగా ప్రాణం పోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, నాలుగేళ్లలో మిగిలిన కాలానికి జీతం, సేవానిధి వస్తాయి. యుద్ధంలో పోతే మరో 8 లక్షలు కలుస్తాయి. మొత్తం కోటి దాటుతుంది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది వేరే. మురళీ నాయక్ కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షలు, 5 ఎకరాల పొలం ప్రకటించింది. అయితే రెగ్యులర్ సిపాయి భార్యకో తల్లికో నెలనెలా వచ్చే కుటుంబ పింఛను అగ్నివీర్ ఇంటికి రాదు. ఒకేసారి వచ్చిన కోటి రూపాయలు పల్లెలో ఎన్నాళ్లుంటాయో, ఎంతమంది చుట్టాలు పుట్టుకొస్తారో నేను కళ్లారా చూశాను. నెలనెలా వచ్చే ఇరవై వేలు ముసలితల్లికి ఇచ్చే ధైర్యం వేరు. ఈ ఒక్క విషయంలో ప్రభుత్వం మనసు మార్చుకోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఒకే బంకర్‌లో పక్కపక్కన నిలబడిన ఇద్దరి ఇళ్లకి రెండు రకాల న్యాయం ఉండకూడదు.

గాయపడి అంగవైకల్యం వస్తే శాతాన్ని బట్టి 44, 25, 15 లక్షలు ఒకేసారి ఇస్తారు. ఇక్కడా పింఛను లేదు. యుద్ధమంటే చావొక్కటే అనుకుంటారు బయటివాళ్లు. కాలు పోయినవాడు, చెవులు పోయినవాడు ఇంకో యాభై ఏళ్లు బతకాలి.

మరి అగ్నివీర్‌గా వెళ్లొద్దంటానా? అలా ఎప్పుడూ అనను. పద్దెనిమిదేళ్లకి వెళ్లేవాడికి ఇది మంచి దారి. ఇరవై ఒకటికి వెళ్లేవాడు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఎందుకో చూడండి. జీడీ కానిస్టేబుల్‌కి మామూలు వయోపరిమితి 23. మాజీ అగ్నివీర్‌లకి మూడేళ్ల సడలింపు, పైగా కేంద్ర బలగాల్లో 2022లో 10 శాతం కోటా ప్రకటించారు, దేహదారుఢ్య పరీక్ష మినహాయింపు కూడా. పద్దెనిమిదికి వెళ్లి ఇరవై రెండుకి దిగినవాడికి చేతిలో నాలుగేళ్ల టైముంటుంది. ఇరవై ఒకటికి వెళ్లినవాడు పాతికకి దిగుతాడు, ఒక్క నోటిఫికేషన్ ఆలస్యమైతే అంతే సంగతులు.

ఇంకొకటి. లోపల ఉన్నప్పుడే డిగ్రీ పూర్తి చేయండి. అగ్నివీర్‌ల కోసమే ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) మూడేళ్ల డిగ్రీ పెట్టింది, శిక్షణకే సగం క్రెడిట్లు ఇస్తారు. పది పాసై వెళ్లినవాళ్లకి పన్నెండో తరగతికి సమానమైన సర్టిఫికెట్ వస్తుంది. డిగ్రీతో ఇరవై రెండుకి బయటికొస్తే, డిగ్రీవాళ్లకి యూపీఎస్‌సీ పెట్టే సీడీఎస్ పరీక్ష రాసి ఆఫీసర్ అవడానికి కూడా వయసుంటుంది.

నేవీ, ఎయిర్‌ఫోర్స్

డబ్బు లెక్క ఇక్కడా అదే. బతుకు వేరు. నేవీ పిల్లలు ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో శిక్షణ పొందుతారు. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉన్నవాళ్లు ఎస్ఎస్ఆర్ (సీనియర్ సెకండరీ రిక్రూట్), పది పాసైనవాళ్లు ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్). తూర్పు నౌకాదళానికి విశాఖే కేంద్రం కాబట్టి మనవాళ్లకి ఇంటికి దగ్గరగా పోస్టింగ్ దొరికే అవకాశముంది, ఖాయమని మాత్రం కాదు. ఓడ సముద్రంలోకి వెళ్తే ఫోన్ ఉండదు. నాలుగేసి గంటల వాచ్ డ్యూటీ, ఒకరి మీద ఒకరు పడుకునే బంకులు, ఇంజిన్ రూంలో ఉడుకు. నేలమీద యుద్ధంలో గుండు ఒకరిద్దరిని ఎంచుకుంటుంది, సముద్రంలో ఓడనే ఎంచుకుంటుంది. 1971 డిసెంబర్ 9న ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగినప్పుడు 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు ఒకేసారి పోయారు.

ఎయిర్‌ఫోర్స్‌లో అగ్నివీర్ వాయుకి ఎక్కువగా బేస్‌లో, విమానాలు, రాడార్లు, సామగ్రి దగ్గర పని. విమానం నడిపేది ఆఫీసర్లు. ఈ సంగతి తెలియక పైలట్ అవుతాననుకుని ఫారం నింపినవాళ్లని చూశాను. చేతిపని మీద ఇష్టం ఉండి, ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, ఇంగ్లిష్‌లో మంచి మార్కులుంటే నాలుగేళ్ల తర్వాత బయట ఉద్యోగానికి ఎక్కువ పనికొచ్చేది ఈ రెండు దారులే. ఎంపీసీ చదివిన పిల్లలు పదో తరగతి అర్హతతో జనరల్ డ్యూటీకి పోతుంటే నాకు బాధేస్తుంది. చదివిన చదువుకి తగ్గ ట్రేడ్ ముందు చూసుకోండి. సైన్యంలోనైనా టెక్నికల్, క్లర్క్ ఖాళీలున్నాయి కదా.

జీడీ కానిస్టేబుల్: అరవయ్యేళ్ల దాకా

ఇంట్లో సంపాదించేది నువ్వొక్కడివే అయితే నా ఓటు ఇటే. పే లెవెల్ 3, మూల వేతనం 21,700. కరువు భత్యం కలిపితే మొదటి నెల జీతమే ముప్ఫై వేలు దాటుతుంది, ఏటా పెరుగుతుంది. ఉద్యోగ విరమణ 60 ఏళ్లకి. పాత పింఛను లేదు. నెలనెలా జీతంలోంచి జమచేసే ఎన్‌పీఎస్ ఉంది, 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పింఛను ఎంచుకునే వీలొచ్చింది. పోరులో ప్రాణం పోతే కుటుంబానికి నెలనెలా పింఛను ఉంటుంది. పెళ్లి, ఇంటి అప్పు, పిల్లల చదువు, అన్నీ ఈ జీతాన్ని నమ్ముకుని ప్లాన్ చేసుకోవచ్చు.

ఇంటి దగ్గరుండొచ్చని మాత్రం వెళ్లకండి. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. సీఆర్‌పీఎఫ్ కంపెనీ ఒక చోట నిలవదు: కశ్మీర్, ఛత్తీస్‌గఢ్ అడవులు, ఈశాన్యం, ఎక్కడ ఎన్నికలొస్తే అక్కడ. స్కూలు గదుల్లో, టెంట్లలో పడక. బీఎస్ఎఫ్ పాకిస్తాన్, బంగ్లాదేశ్ సరిహద్దుల మీద. రాజస్థాన్ ఎండలో ఒంటె మీద గస్తీ, బెంగాల్‌లో మోకాలి లోతు నీళ్లలో గస్తీ. ఐటీబీపీ చైనా సరిహద్దు కొండల్లో, నేను సియాచిన్‌లో చూసిన చలికీ అక్కడి చలికీ పెద్ద తేడా ఉండదు. నేపాల్, భూటాన్ సరిహద్దు సశస్త్ర సీమా బల్‌ది. సైనికుడికి పీస్ పోస్టింగ్ అని ఒకటుంది. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్‌వాళ్లకి ఆ ఊరట తక్కువ. అలా ముప్ఫై ఐదేళ్లు చేయాలి. పిల్లల పుట్టినరోజులు ఎన్ని ఫోన్‌లో జరుపుకోవాలో ఒకసారి లెక్కేసుకోండి.

ఇందులో కాస్త కుదురైనది సీఐఎస్ఎఫ్. విమానాశ్రయాలు, శ్రీహరికోట, విశాఖ స్టీల్ ప్లాంట్ లాంటి చోట్ల కాపలా దాని పని. ఊరు, పట్నం దగ్గర ఉంటాయి, పిల్లల చదువులు సాగుతాయి. అందుకే దానికి పోటీ ఎక్కువ. ఫారంలో ఏ బలగం ముందు, ఏది తర్వాత అని ఆప్షన్లు అడుగుతారు. చాలామంది నెట్ సెంటర్‌లో కూర్చున్నవాడు ఎలా పెడితే అలా వదిలేస్తారు. ముప్ఫై ఐదేళ్ల బతుకుని మౌస్ పట్టుకున్న మరొకడి చేతిలో పెట్టకండి. ఆ వరస ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్లండి. మీ మార్కులూ, మీ వరసా కలిసే మీ పోస్టింగ్‌ని నిర్ణయిస్తాయి.

ఎత్తు దగ్గరే తేలిపోయేవాళ్లు

ఎంత ఇష్టమున్నా కొలత ముందు అందరూ ఒకటే. మన తెలుగు రాష్ట్రాల అబ్బాయిలకి అగ్నివీర్ జనరల్ డ్యూటీకి 166 సెంటీమీటర్లు చాలు, ఛాతీ 77, గాలి పీలిస్తే 5 పెరగాలి. కేంద్ర బలగాలకి 170, ఛాతీ 80. ఎస్టీ అబ్బాయిలకి ఎత్తు 162.5. కాబట్టి ఎస్టీ కానివాడు 167 ఎత్తుతో జీడీ కోచింగ్‌కి డబ్బు కట్టడం దండగ. మా గ్రౌండ్‌లో ఒకబ్బాయి ఎనిమిది నెలలు ఆ పరీక్షకి చదివాక గోడకి నిలబెట్టి కొలిస్తే 168 వచ్చాడు. కోచింగ్ వాళ్లు డబ్బు తీసుకున్నారే గానీ టేపు తీయలేదు. ఆ సాయంత్రం వాళ్ల నాన్న మా ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. ముందు టేపు తెచ్చి కొలుచుకోండి, పొద్దున పూట, చెప్పుల్లేకుండా.

పరుగులూ వేరు. సైన్యంలో 1.6 కిలోమీటర్లు; 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే పూర్తిగా 60 మార్కులు. బీమ్ మీద పది పుల్ అప్స్ తీస్తే 40. కేంద్ర బలగాలకి 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, అమ్మాయిలకి 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో. మొదటిది వేగం, రెండోది నిలకడ. ఒకే సాధనతో రెండూ రావు. రెండింటికీ ప్రయత్నించేవాళ్లని నేను మూడు రోజులు దూరం, రెండు రోజులు స్ప్రింట్లు చేయిస్తాను. రెండిటిలోనూ ముందు కంప్యూటర్ పరీక్ష, ఆ తర్వాతే గ్రౌండ్. జీడీ పరీక్ష 2024 నుంచి, అగ్నివీర్ పరీక్ష 2025 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు. ఇంగ్లిష్, హిందీ రాదని వెనక్కి తగ్గిన తరాలు చూసినవాణ్ణి, ఈ మార్పుకి నేనెంత సంతోషించానో చెప్పలేను. హిందీ శిక్షణలో ఉస్తాద్ నేర్పిస్తాడులెండి, ఆరు నెలల్లో కలలు కూడా హిందీలోనే వస్తాయి.

ఆఫీసర్: మన ఇళ్లలో ఎవరూ చూడని తలుపు

పల్లెటూరి ఇంటర్ పిల్లలకి ఆఫీసర్లని తయారుచేసే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పేరు కూడా ఎవరూ చెప్పరు. ఇది నన్ను చాలా బాధపెట్టే సంగతి. 16½ నుంచి 19½ ఏళ్ల మధ్య, ఇంటర్ చదువుతూనే, ఏడాదికి రెండుసార్లు యూపీఎస్‌సీ పెట్టే పరీక్ష రాయొచ్చు. ఆర్మీకి ఏ గ్రూపైనా చాలు. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌కి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కావాలి. చదువు, శిక్షణ ప్రభుత్వ ఖర్చు మీదే. బయటికొచ్చేసరికి లెఫ్టినెంట్, మూల వేతనం 56,100. డిగ్రీ తర్వాత సీడీఎస్ ఉంది, శిక్షణ అకాడమీలు: డెహ్రాడూన్, చెన్నై, ఎళిమల, మన హైదరాబాద్ పక్కనే దుండిగల్. అమ్మాయిలకి 2021లో సుప్రీంకోర్టు ఎన్‌డీఏ తలుపు తెరిపించింది; 2025 మేలో మొదటి 17 మంది అక్కడి నుంచి బయటికొచ్చారు.

కష్టమంతా ఆఫీసర్లని ఎంపిక చేసే ఐదు రోజుల ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డ్) ఇంటర్వ్యూలో ఉంది. బట్టీ పట్టిన జవాబులు అక్కడ చెల్లవు. గుంపులో ఎలా మసులుకుంటావు, తోచనప్పుడు ఏం చేస్తావు అని చూస్తారు. ఎన్‌సీసీ, ఆటలు, పొలం పనుల్లో పెద్దరికం చేసిన పిల్లలు ఇంగ్లిష్ కాస్త తడబడినా నెగ్గుకొస్తారని నా నమ్మకం.

ఆఫీసరంటే వెనక కూర్చుని ఆజ్ఞలిచ్చేవాడని కొందరనుకుంటారు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్‌డీఏకి వెళ్లి, 16 బిహార్ పటాలానికి కమాండింగ్ ఆఫీసరయ్యాడు. 2020 జూన్ 15 రాత్రి చైనా సరిహద్దులోని గల్వాన్‌లో తన జవాన్ల ముందు నిలబడి ప్రాణమిచ్చాడు. ఆ రాత్రి మనవాళ్లు 20 మంది పోయారు. కార్గిల్‌లో తోలోలింగ్ దగ్గర అమరుడైన మేజర్ పద్మపాణి ఆచార్యది హైదరాబాద్. ఇద్దరికీ మహావీర చక్ర వచ్చింది. ఈ తలుపు వైపు వెళ్లేవాళ్లు జీతం చూసి వెళ్లకండి. నీ మాట మీద ముప్ఫై మంది బతుకు ఆధారపడే రోజొకటి వస్తుంది, ఆ బరువు మోయగలవా లేదా అన్నదే చూసుకో.

నేనైతే ఎవరికి ఏం చెప్తానంటే

పదిహేడేళ్లు, ఇంటర్, చదువు బాగా వస్తుంది: ముందు ఎన్‌డీఏ రెండు మూడుసార్లు రాయి. రాకపోయినా పోయేదేం లేదు, ఆ చదువు మిగతా అన్నిటికీ పనికొస్తుంది.

పద్దెనిమిది, పందొమ్మిది, నాన్న ఇంకా సంపాదిస్తున్నాడు, అప్పుల్లేవు, ఒంట్లో ఉత్సాహముంది: అగ్నివీర్‌కి వెళ్లు. సేవానిధి డబ్బుని అక్క పెళ్లికనో ట్రాక్టర్‌కనో ముందే ఎవరికీ మాటివ్వకు. నలుగురిలో ముగ్గురు ఇంటికొచ్చేటప్పుడు చేతిలో ఉండే ఒకే ఒక్క ఆసరా అది.

ఇరవై, ఇరవై ఒకటి, తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది, చెల్లి చదువుతోంది: జీడీ. 170 ఎత్తుంటే ఇంకో మాట లేదు. ఎత్తు చాలకపోతే రాష్ట్ర పోలీస్ ఉద్యోగాల కొలతలు కూడా చూసుకుని, ఆ తర్వాతే అగ్నివీర్.

పెళ్లి కుదిరిందా? అగ్నివీర్ మాట మర్చిపో. ఒక్కగానొక్క కొడుకువా? ఏ దారైనా అమ్మతో కూర్చుని మాట్లాడాకే. అమ్మ ఏడుస్తుంది, ఏడవనీ. చెప్పకుండా రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వెళ్లినవాళ్లు ఫీల్డ్‌లో ఫోన్ ఎత్తేటప్పుడు పడే బాధ నాకు తెలుసు. నేనూ చెప్పకుండానే వెళ్లాను.

ఎవరైనా సరే, ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బడిగే మనిషిని గుమ్మం తొక్కనివ్వొద్దు. మా పక్కూరిలో ఒక తండ్రి రెండు గేదెలమ్మి రెండు లక్షలు ఇచ్చాడు. ఆ డబ్బూ రాలేదు, కొడుకు ఆ ఏడు పరుగుకీ రాలేదు, సిగ్గుతో. గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసుల సమాచారం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వయసు, తేదీలు, కొలతలు నోటిఫికేషన్‌ని బట్టి మారొచ్చు, ప్రతిసారీ తాజాది చదవండి. చేతుల మీద పచ్చబొట్లు వేయించుకోవద్దు.

చివరగా ఒక కాగితం గురించి. శిక్షణలో చేరిన కొద్ది రోజులకే క్లర్క్ ఒక ఫారం ముందు పెడతాడు: నాకేమైనా అయితే ఎవరికి ఇవ్వాలి అన్నది. పద్దెనిమిదేళ్లవాడికి ఆ గడి దగ్గర చెయ్యి ఆగుతుంది. నాకూ ఆగింది. ఆ తర్వాత పోస్టు మీదికి వెళ్లే ముందు ఆ పేర్లు మళ్లీ పైకి చదివి సరిచూస్తారు. మా కంపెనీలో ఒకడు వాళ్లమ్మ పేరు ఇంట్లో పిలిచే పేరు రాశాడు, ఆధార్‌లో వేరే ఉంది. అతను పోయాక ఆ తల్లి ఆ ఒక్క అక్షరం కోసం ఆఫీసుల చుట్టూ ఏడాదిన్నర తిరిగింది. చదువురాని మనిషి, ప్రతిసారీ కొడుకు ఫొటో కూడా పట్టుకెళ్లేది. మీ పది మార్కుల మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో మీ పేరు, అమ్మానాన్నల పేర్లు, ఇంటిపేరుతో సహా ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. తేడా ఉంటే ఫారం నింపకముందే దిద్దించండి.